మేకు లేని చెప్పు

పొద్దున మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో సూది దిగినట్టుండేది. మా గిద్దలూరు వైపు ఇళ్లలో నాపరాళ్ల గచ్చే ఎక్కువ. ఎండాకాలంలో అది ఎంత చల్లగా ఉన్నా, మడమ శూల ఉన్నవాడికి దాని మీద నడక నరకం. ఎక్స్‌రేలో ఎముకకు ముల్లు కనిపిస్తే తప్పంతా దానిదే అనుకున్నాను. అలాంటి ముల్లు ఉండీ నొప్పి లేనివాళ్లు బోలెడుమంది ఉన్నారని డాక్టరు నవ్వేశారు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద నారలాంటి పట్టీ ఉంటుందట. అది రాత్రంతా బిగుసుకుని, తొలి అడుగుకు ఒక్కసారి సాగుతుంది. నొప్పి అక్కడిది. పిక్కలు సాగదీసే వ్యాయామం నేర్పి, ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులు తొడుక్కోమన్నారు.

ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు. స్పర్శ పోయిన కుష్ఠు రోగులకు సర్కారు ఉచితంగా ఇచ్చే చెప్పులు ఇవే. అందుకే కాలికి ఉంటే ఊరంతా చూస్తుందని సిగ్గుపడి మూల పడేసినవాళ్లున్నారు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోటివాళ్లు అసలు సంగతి పట్టుకున్నారు: ఆ పాదం దానంతటది కుళ్లదు, నొప్పి తెలియక ఒకేచోట ఒత్తిడి పడీ పడీ పుండవుతుంది. ఆ ఒత్తిడిని పాదమంతా పంచడానికే ఈ మెత్తటి అట్ట. ఇప్పుడు కాలి స్పర్శ తగ్గిన షుగరువాళ్లూ, నాలాంటి మడమ బాధితులూ అదే తొడుగుతున్నారు.

నాకు జత కుట్టింది మార్కాపురంలో ఒక పెద్దాయన. పరిచిన కాగితం మీద కాలు పెట్టి కుర్చీలో కూర్చోబోయాను.

"నిలబడండి సారూ. కూకుంటే కాలు అబద్ధం చెప్పుద్ది," అన్నాడు.

నిజమే, బరువు పడితే పాదం వెడల్పవుతుంది. అందుకే సాయంత్రం రమ్మన్నాడు కూడా. అప్పటికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్లకూ విడివిడిగా గీత గీశాడు. నా ఎడమది కాస్త పెద్దదని అరవై ఏళ్లకు తెలిసింది.

పనితనం చెప్పు అంచులో కనిపిస్తుంది. పక్కకు తిప్పితే రెండు పొరలు. పైది ఎంసీఆర్: బొటనవేలితో నొక్కితే కుంగి, తీయగానే లేస్తుంది. ఒట్టి స్పాంజి అయితే నాలుగు వారాల్లో అణిగి అట్టముక్క అవుతుంది. కింద గట్టి రబ్బరు. పలకరాతి పెచ్చులూ తుమ్మముళ్లూ ఉన్న మన నేలకు అది లేకుంటే పై మెత్తన ఎందుకూ పనికిరాదు. పట్టీల కోసం పై పొరలో గాట్లు పెట్టి, కొసలను రెండు పొరల మధ్యకు లాగి అంటించాడు. జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరేదాకా ఆగాడు. నేను తొందరపడ్డాను గానీ ఆయన పడలేదు. ఆ తర్వాతే కలిపి సుత్తితో అంచు నుంచి అంచుకు కొట్టుకుంటూ పోయాడు. బొటనవేలికి ఉంగటం లేదు. ఉంటే చెప్పు జారకుండా వేళ్లు ముడుచుకుని పట్టుకోవాల్సి వస్తుంది. మడమ వెనక పట్టీ ఉండేసరికి ఆ శ్రమ తప్పింది.

అందం సంగతి అడక్కండి. పెళ్లికి తొడుక్కుపోతే మా ఆవిడ నాలుగడుగుల దూరంలో నడిచింది.

జత మొత్తంలో మేకు ఒక్కటి లేదు. స్పర్శ లేని కాలికి మేకు దిగినా తెలియదు కాబట్టి మొదటినుంచీ ఈ చెప్పుకు జిగురూ కుట్టే ఆధారం. మీరు కొనేటప్పుడు, ముఖ్యంగా ఇంట్లో షుగరువాళ్ల కోసమైతే, చెప్పు తిరగేసి చూడండి. మేకు తల కనిపిస్తే అక్కడే పెట్టి వచ్చేయండి.