ఏది వెలుగులో, ఏది మసకలో: టెక్స్ట్ ఎడిటర్ రూపమార్పులు – తెలుగు పాఠపరిష్కరణ

వ్యాససంగ్రహం

టెక్స్ట్ ఎడిటర్ తెరను నల్లగా మార్చుకోవడం (డార్క్ మోడ్), రాస్తున్న భాగం తప్ప మిగిలిన పాఠాన్ని మసకబార్చే ప్లగిన్లను వాడటం పరిశోధకులలో వ్యాపించిన అలవాటు. దీనిని కంటికి హాయినిచ్చే అలంకారంగానే చూస్తున్నాం. ఏ అక్షరం స్పష్టంగా కనబడాలో, ఏ పంక్తి వెనక్కి తగ్గాలో నిర్ణయించే ఈ అమరికలు పాఠపరిష్కరణలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల శాసనపద్యం, ఒగ్గుకథ, మాండలికం, గోండి లిపి ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: టెక్స్ట్ ఎడిటర్, డార్క్ మోడ్, మసక ప్లగిన్లు, పాఠపరిష్కరణ, కురిక్యాల శాసనం, ఒగ్గుకథ, గుంజాల గోండి లిపి

1. ప్రస్తావన

ఆంగ్లంలో ‘ఎడిటర్’ అన్న మాట గ్రంథపరిష్కర్తకూ, పాఠం టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌కూ ఒకటే. తెలుగులో మొదటి అర్థానికి ‘పరిష్కర్త’ అన్న గౌరవవాచకం ఉంది. రెండవదానిని పరికరంగానే చూస్తాం. అయితే తాళపత్రప్రతిని గాని, క్షేత్రంలో రికార్డు చేసిన కథను గాని నేడు మనం శుద్ధప్రతిగా మార్చేది ఆ తెర మీదనే. తెర చూపిన తేడాను పట్టుకుంటాం, చూపని తేడాను దాటిపోతాం. కనుక విమ్, ఈమ్యాక్స్, విజువల్ స్టూడియో కోడ్, ఆబ్సిడియన్ వంటి ఎడిటర్లలో మనం చేసుకునే రూపమార్పులను సాహిత్యవిమర్శ దృష్టితో పరిశీలించడం అవసరం.

2. నలుపు మీద తెలుపు

నల్లని నేలపై తెల్లని అక్షరం తెలుగువారికి కొత్త కాదు. పలక మీద బలపంతో దిద్దిన ఓనమాలు అటువంటివే. శాసనానికి తీసే కాగితపు నకలులో, అంటే ఎస్టాంపేజీలో, రాతి ఉపరితలం నల్లగానూ, చెక్కిన అక్షరం తెల్లగానూ వస్తుంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్టపై పదో శతాబ్దిలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని తెలుగు కందపద్యాలను చదవడానికీ ఇటువంటి నకలే సాధనం.

అయితే పలకపై అక్షరం పెద్దది, బలపపు గీత మందమైనది. శాసనాక్షరం కూడా రాతిలో నిలిచేంత పరిమాణంలో చెక్కినది. ఆ మాధ్యమాలకు తగిన పరిమాణం, మందం వాటికి ఉన్నాయి. నేటి డార్క్ మోడ్‌లో జరుగుతున్నది వేరు. తెల్లని పుట మీద నల్లని సిరా కోసం ఊహించిన ఫాంటునే ఏ మార్పూ లేకుండా రంగులు తలకిందులు చేసి చూపుతున్నాం. చీకటి నేపథ్యంలో తెల్లని గీత ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. కంటిపాప విప్పారడం వల్ల అంచులు చెదురుతాయి. అస్టిగ్మాటిజం ఉన్నవారికి ఈ చెదురు మరింత ఎక్కువ.

లాటిన్ అక్షరాలకు ఇది చిన్న ఇబ్బంది కావచ్చు. తెలుగులో ‘థ’కూ ‘ధ’కూ తేడా లోపలి ఒక్క చుక్క. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింది చిన్న గీత. ‘ప’, ‘ఫ’ల మధ్య, గుడి, గుడిదీర్ఘాల మధ్య ఉన్న భేదమూ అంతటి సూక్ష్మమైనదే. గీత లావెక్కితే మొదట పూడిపోయేవి ఈ ఖాళీలే. ‘అర్థం’, ‘అర్ధం’ అన్న రెండు మాటలలో ఏది టైపయిందో తెలియకుండా పరిశోధకుడు ముందుకు సాగిపోతాడు.

2013లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పరిశోధకులు పీపెన్‌బ్రాక్, మయర్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో, తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాలతో ప్రూఫు దిద్దినవారు యువకులైనా, వృద్ధులైనా మెరుగైన ఫలితం సాధించారు. అది లాటిన్ లిపిలో జరిగిన పరీక్ష. ఒత్తులు, గుణింతాలు గల లిపికి ఆ హెచ్చరిక ఇంకా గట్టిగా వర్తిస్తుందని భావించడం సహేతుకం.

3. మసకబారిన ప్రాస

2010లో ఐఏ రైటర్ ప్రవేశపెట్టిన ‘ఫోకస్ మోడ్’ ప్రస్తుత వాక్యాన్ని వెలుగులో ఉంచి మిగిలినదాన్ని మసకబారుస్తుంది. విమ్‌కు వచ్చిన లైమ్‌లైట్ ప్లగిన్ పేరాను ప్రమాణంగా తీసుకుంటుంది. మరికొన్ని ప్లగిన్లు ఒక్క పంక్తినే వెలిగిస్తాయి. వాక్యమా, పేరానా, పంక్తా అన్న ఈ ఎంపిక వెనుక పాఠానికి ప్రాథమిక ఘటకం ఏది అన్న నిర్ణయం దాగి ఉంది. ప్లగిన్ రచయిత ఆ నిర్ణయాన్ని ఆంగ్లవచనాన్నో, ప్రోగ్రాము పంక్తులనో దృష్టిలో ఉంచుకుని చేశాడు.

కురిక్యాల కందాన్నే తీసుకుందాం. కందానికి నాలుగు పాదాలలోనూ ప్రాస కుదరాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే మిగిలిన మూడూ లఘువుతోనే, గురువుతో మొదలైతే గురువుతోనే మొదలుకావాలి. శిథిలమైన అక్షరాన్ని ఊహించి పూరించేటప్పుడు పరిష్కర్తకు ఆధారం పై పాదపు రెండవ అక్షరమే. ఒక్క పంక్తిని వెలిగించే ప్లగిన్ సరిగ్గా ఆ ఆధారాన్నే మరుగుపరుస్తుంది. పేరా ప్రమాణమైతే నాలుగు పాదాలూ కలిసి వెలుగుతాయి, పాదాల మధ్య ఖాళీ పంక్తి విడవకుండా ఉంటే చాలు.

ఒగ్గుకథ మరొక పరీక్ష. హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారులతో ఖ్యాతి పొందిన ఈ ప్రక్రియలో ప్రధాన కథకుని మాట వంతగాళ్ల స్పందనతోనే పూర్తవుతుంది. లిఖితప్రతిలో కథకుని పలుకు ఒక పేరాగా, వంత మరొక పేరాగా రాస్తే, పేరా ప్రమాణం కూడా సరిపోదు. పిలుపు వెలిగినప్పుడు బదులు మసకలో ఉంటుంది. ఇద్దరి మధ్య నడిచిన ప్రదర్శన ఒక్కరి ప్రసంగంగా కనిపించడం మొదలవుతుంది. పరిష్కర్త వంతను ‘పునరుక్తి’గా భావించి తొలగించే ప్రమాదం ఇక్కడే ఉంది.

వచనంలోనూ చిక్కు లేకపోలేదు. చుక్కను బట్టి వాక్యాన్ని గుర్తించే పద్ధతిలో ‘క్రీ.శ.’, ‘డా.’ వంటి పొట్టి రూపాల దగ్గర వాక్యం నడుమ తెగిపోవచ్చు.

4. ఎర్రగీత కింద మాండలికం

మసక ఒక పాఠాన్ని వెనక్కి నెడితే, అక్షరదోషాలను చూపే ఎర్రగీత మరొక పాఠాన్ని దోషిగా నిలబెడుతుంది. నిఘంటువులో లేని రూపం దాని దృష్టిలో తప్పు. కరీంనగర్ కథకుడు ‘వచ్చిండు’, ‘గట్ల’, ‘గిప్పుడు’ అంటే, ప్రామాణిక భాషా నిఘంటువుపై ఆధారపడిన ఎడిటర్ వాటికింద గీత గీస్తుంది. నల్లని తెరపై ఆ ఎరుపు మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైగా ఒత్తులు ఉండే చోటునే ఆక్రమిస్తుంది.

పుట నిండా గీతలు కనిపించే పరిశోధకునికి వాటిని తొలగించాలన్న ఒత్తిడి సహజం. ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’గా మార్చిన క్షణంలో గీత పోతుంది, ఆధారమూ పోతుంది. తెలంగాణ భాషను తప్పుగా చూసిన ధోరణిపై దశాబ్దాలుగా విమర్శ సాగింది. అదే ధోరణి ఒక సాఫ్ట్‌వేర్ అమరికగా తిరిగి వచ్చినప్పుడు మనం గమనించడం లేదు. మౌఖిక సాహిత్యాన్ని లిప్యంతరం చేసేటప్పుడు ఈ సదుపాయాన్ని ఆపివేయడం పరిశోధనానియమంగా ఉండాలి.

5. వెలుగుకు ముందు ఫాంటు

మాండలికం తప్పుగా కనబడటం ఒక సమస్య అయితే, లిపి అసలే కనబడకపోవడం మరొకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో లభించిన రాతప్రతుల లిపికి, ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషి తరువాత, 2018లో యూనికోడ్ 11.0లో ‘గుంజాల గోండి’ పేరిట స్థానం లభించింది. నోటో శ్రేణిలో దానికి ఫాంటు కూడా ఉంది. అయితే కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే తెర నల్లనిదైనా, తెల్లనిదైనా కనిపించేవి ఖాళీ గడులే. ఫాంటు ఉన్నా తెలుగు వ్యాఖ్య నడుమ గోండి మాట వేరే పరిమాణంలో, వేరే మందంతో రావచ్చు.

రూపమార్పులకు ఒక క్రమం ఉండాలని దీనివల్ల తేలుతుంది. మొదట లిపికి తగిన ఫాంటు, తరువాత ఒత్తులకు చోటిచ్చే పంక్తుల ఎడం, ఆ తరువాతే రంగు, చివరగా మసక. ఆకర్షణీయమైన థీముతో మొదలుపెట్టే వాడుకలో ఈ క్రమం తలకిందులవుతున్నది.

6. ముగింపు

డార్క్ మోడ్‌ను, మసక ప్లగిన్లను విడిచిపెట్టమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మసక గదిలో మిరుమిట్లు తగ్గడం, రచన సాగేటప్పుడు ఏకాగ్రత నిలవడం విలువైన ప్రయోజనాలే. రచన వేరు, పరిష్కరణ వేరు అన్న వివేకమే కావలసింది. చిత్తుప్రతికి చీకటి తెర, పేరా ప్రమాణపు మసక సరిపోతాయి. ప్రూఫు దిద్దేటప్పుడు తెల్లని నేపథ్యానికి మారి, మసకను పూర్తిగా తొలగించాలి. చీకటిలోనే పనిచేయవలసి వస్తే శుద్ధ నలుపుకు బదులు ముదురు బూడిద రంగు, కాస్త సన్నని ఫాంటు, పెద్ద పరిమాణం ఎంచుకోవాలి.

క్షేత్రపర్యటనల వివరాలనూ, లిప్యంతరీకరణ నియమాలనూ సిద్ధాంతగ్రంథంలో పేర్కొనే సంప్రదాయం మనకు ఉంది. ఏ తెర అమరికలతో పాఠాన్ని సరిచూశారో కూడా అక్కడ ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది. పరిష్కర్త తాను చూసిన ప్రతుల జాబితా ఇచ్చినట్టే, వాటిని ఏ వెలుగులో చూశాడో చెప్పడమూ ఆ బాధ్యతలో భాగమే.