తోటకూర పప్పు లెక్క

తిండి లెక్క రాసుకునే ఏ యాప్‌లోనైనా ‘వైట్ రైస్’ అని కొట్టి చూడండి. బారెడు జాబితా దిగుతుంది. పొడుగు గింజ, పొట్టి గింజ, వండినది, వండనిది, ‘ఎన్‌రిచ్డ్’, ‘అన్‌ఎన్‌రిచ్డ్’. ఆకలి మీద ఉన్న మనిషి ఇవన్నీ ఓపిగ్గా చదవడు, పైన కనబడ్డదాని మీద వేలు పెట్టేస్తాడు. మా పిన్ని కొడుకు కొన్నాళ్ళుగా అదే చేస్తున్నాడు. మొన్న ఇంటికొచ్చి, ‘అక్కా, నాకు ఫోలేట్ రోజూ నిండిపోతోంది, ఐరన్‌కీ లోటు లేదు’ అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు. వాడు తినేది కర్నూలు సోనా. యాప్‌కి చెప్పింది అమెరికా బియ్యం.

అమెరికాలో ‘ఎన్‌రిచ్డ్’ పేరుతో అమ్మే బియ్యంలో, పిండిలో 1998 నుంచి ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. ఐరన్, కొన్ని బి విటమిన్లు అంతకుముందు నుంచే కలుపుతున్నారు. ఆ దేశ వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం అలాంటి పొడవు గింజ బియ్యం 100 గ్రాముల్లో ఐరన్ 4 మిల్లీగ్రాములు, ఫోలేట్ 200 మైక్రోగ్రాములు దాటుతాయి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక తీసి చూస్తే, పాలిష్ పట్టిన మన బియ్యం 100 గ్రాముల్లో ఐరన్ 0.65 మిల్లీగ్రాములు, ఫోలేట్ 9 మైక్రోగ్రాముల చిల్లర. మూడు పూటలా అన్నం మీద బతికేవాళ్ళకు ఈ ఒక్క వేలి నొక్కుతో రోజు లెక్కంతా తలకిందులవుతుంది. పాల సంగతీ అంతే. అమెరికా పాలలో సాధారణంగా విటమిన్ డి కలిపే ఉంటుంది. మన ప్యాకెట్ మీద నీలిరంగు ‘+ఎఫ్’ గుర్తు ఉంటేనే కలిపినట్టు.

అదే మనిషి విటమిన్లు కలిపిన రేషను బియ్యం తింటుంటే లెక్క మళ్ళీ మారుతుంది. 2021 తర్వాత దశలవారీగా చౌకదుకాణాలకు వచ్చిన ఫోర్టిఫైడ్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 దట్టించిన గింజలు నూటికి ఒకటి చొప్పున ఉంటాయి. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలని నిబంధన. చాటలో పోస్తే ఆ గింజలు కాస్త వేరే రంగులో తేడాగా కనబడతాయి. ప్లాస్టిక్ బియ్యం అనుకుని చాలా ఇళ్ళలో వాటిని పనిగట్టుకుని ఏరి పారేశారు. పక్కపక్క ఇళ్ళలో ఉడికే అన్నానికి కూడా ఒకే అంకె సరిపోదన్నమాట.

అసలు ఈ దేశంలో విటమిన్ల ఆరా మొదలైందే బియ్యం దగ్గర, అందులోనూ మనవాళ్ళ జబ్బు దగ్గర. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాలను పట్టి పీడించింది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, వాచిపోయేవి, చివరికి గుండె ఆగేది. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవాళ్ళలో ఈ జబ్బు అరుదు. ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. మన కోస్తాలో పచ్చి బియ్యాన్ని మిల్లులో తెల్లగా ఆడించి, పలుమార్లు కడిగి, గంజి వార్చి తినేవాళ్ళు. మిగిలిన కాస్త బి1 కూడా కడుగు నీళ్ళలో, గంజిలో పోయేది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధనకు పెట్టిన పేరే ‘బెరిబెరి విచారణ’. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కూనూరులో ఉండగానే 1937లో అప్పటి డైరెక్టర్ అయ్‌క్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువలతో మొదటి పట్టిక వేయించారు. హైదరాబాదు వచ్చాక గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కలిసి 1971లో తెచ్చిన పుస్తకం దేశంలోని పోషకాహార నిపుణుల బల్లలన్నిటి మీదా ఉండేది. 2017లో కొత్త పట్టికలు వచ్చాయి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, సంతల్లో సరుకు కొని, 528 ఆహారాలను మళ్ళీ మొదటి నుంచీ పరీక్షించారు. తోటకూర, మునగాకు, గోంగూర, రాగులు అన్నీ అందులో ఉన్నాయి. యాప్ ఎన్నుకునేటప్పుడు రంగులూ గీతలూ చూడకండి. ఏ పట్టిక మీద నిలబడిందో చూడండి. క్రోనోమీటర్ లాంటివి ఒక్కో పదార్థం పక్కన ఆ అంకె ఎక్కడిదో చూపిస్తాయి, అది నాకు నచ్చిన గుణం. జాతీయ పోషకాహార సంస్థ స్వయంగా తెచ్చిన ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ మన పట్టికల మీదే నడుస్తుంది.

ఫోలేట్ గీత చూసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. భీమవరంలో పుట్టిన మనిషి. ఫోలేట్‌ను ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన ఇంట్లో ప్రాణం తీసింది, ఆయన్నూ పట్టి వదిలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ గీత వెనుక అంత కథ ఉంది. దాన్ని తప్పుడు బియ్యంతో నింపుకుంటే నాకు మనసొప్పదు.

ఇక పని సంగతి. మన వంట యాప్‌లో ఎక్కించడం బ్రెడ్డు ముక్క ఎక్కించినంత సులువు కాదు. ‘గోంగూర పచ్చడి’ అని వెతికితే దొరుకుతుంది. అది ఎవరో వాడుకరి తన ఫోనులో రాసుకున్నది. కేలరీలు, కొవ్వు వేసి మిగతా గళ్ళు ఖాళీగా వదిలేసి ఉంటారు. మొత్తం కూడేటప్పుడు యాప్ ఆ ఖాళీని సున్నాగా కలుపుకుంటుంది. మీరు రోజూ ఆకుకూర తింటున్నా కాల్షియం గీత ఎర్రగానే ఉందంటే ముందు అనుమానించాల్సింది ఈ ఖాళీ గళ్ళనే. అందుకే తయారైన వంటకాల జోలికి పోకుండా, పచ్చి సరుకు తూచి మన వంటను మనమే ‘రెసిపీ’గా రాసుకోవడం నా పద్ధతి.

నరసరావుపేటలో మా వదిన వంటింట్లో తోటకూర పప్పు ఇలాగే రాశాను. కాటా మీద కందిపప్పు 200 గ్రాములు. కాడలు తుంచి, కడిగి, నీళ్ళు పిండేసిన తోటకూర 250 గ్రాములు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు, తాలింపు సామాను విడిగా. కుక్కరు దించాక, ముందే తూచి పెట్టుకున్న గిన్నెలోకి వంచి మళ్ళీ తూచితే పప్పు 1,200 గ్రాములు వచ్చింది. పోసిన నీళ్ళు కూడా అందులోనే ఉన్నాయి, కాబట్టి ఖనిజాలు ఎక్కడికీ పోలేదు. కందిపప్పు నుంచి, తోటకూర నుంచి కలిపి ఐరన్ 19 మిల్లీగ్రాముల పైచిలుకు, కాల్షియం 950 పైచిలుకు. ఒక పెద్ద గరిటె 150 గ్రాములు పడుతుంది, అంటే గిన్నెలో ఎనిమిదో వంతు. గరిటెకు ఐరన్ రెండున్నర మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ, కాల్షియం 120 దరిదాపు. కాగితం మీద ఆ కాల్షియం 100 గ్రాముల గేదెపాలకు సమానం. ఒంటికి పట్టేది మాత్రం పాలలోదే ఎక్కువ, ఎందుకంటే తోటకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని వదలవు.

కరివేపాకు కాల్షియం గని అని చెప్పుకుంటాం. నిజమే, 100 గ్రాముల్లో 650 మిల్లీగ్రాములకు పైనే. తాలింపులో పడేది ఒక రెబ్బ, అది కూడా తినేటప్పుడు పళ్ళెం అంచుకు చేరుతుంది. కారప్పొడి చేసుకుంటే తప్ప దాన్ని లెక్కలో వేయకండి.

ఉడికే కొద్దీ విటమిన్ సి, ఫోలేట్ తగ్గుతాయి. పచ్చి సరుకు అంకెలు కూడే యాప్‌లు చాలావరకు ఆ తరుగు తీయవు. నేను ఆ రెండు గీతలనూ కాస్త తగ్గించే చదువుకుంటాను. విటమిన్ సి కోసం లెక్కల్లో తల బద్దలు కొట్టుకునే బదులు ఒక జామకాయ కోసుకుంటే సరి, 100 గ్రాముల్లోనే 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పప్పన్నం మీద నిమ్మకాయ పిండుకున్నా, భోజనంతో జామకాయ తిన్నా పప్పులోని ఐరన్ మరింతగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అదే ఐరన్ చాలావరకు వృథా. ఈ రెండు పళ్ళేలకూ యాప్ ఒకే అంకె వేస్తుంది, ఎందుకంటే అది నోట్లోకి వెళ్ళింది చూస్తుంది, రక్తంలోకి చేరింది చూడలేదు.

లక్ష్యాల అంకెలు కూడా మార్చుకోవాలి. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీకి అమెరికా లెక్కన రోజుకు 18 మిల్లీగ్రాముల ఐరన్. మన సంస్థ 2020లో చెప్పింది 29. పురుషులకు అక్కడ 8, ఇక్కడ 19. గింజలూ పప్పుల్లో ఉండే ఫైటేట్లు ఐరన్‌ను అడ్డుకుంటాయి, అందుకే మన తిండి తినేవాళ్ళు ఎక్కువ తీసుకోవాలి. పరదేశపు లక్ష్యంతో పచ్చగా వెలిగిన గీత మన లక్ష్యం పెట్టగానే సగానికి పడిపోవచ్చు.

విటమిన్ డి గీత మాత్రం తిండితో నిండదు, దాని దారి ఎండలో ఉంది. శాకాహారులకు బి12 పాలు, పెరుగు నుంచే రావాలి. కాలేయంలో ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది కనుక ఒక వారం గీత చూసి నిశ్చింతగానూ ఉండలేం, బెంగపడనూ కూడదు, రక్తపరీక్షే చెప్పాలి. మన ఊరి నీళ్ళలో ఉన్నదాన్ని ఏ యాప్ లెక్కలో వేస్తుంది? నీళ్ళు ఏం మోసుకొస్తాయో ఫ్లోరైడ్ బాధ పడ్డ నల్లగొండ వాళ్ళను అడగాలి. అందుకే ఏడాది పొడవునా ప్రతి ముద్దా రాయమని నేనెవరికీ చెప్పను. మామూలు రోజులు ఒకటి రెండు వారాలు నిజాయితీగా రాస్తే ఇంటి తిండిలో చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ పైన రోజూ అంకెల వెంటపడితే ముద్ద రుచి తెలియడం మానేస్తుంది.

అయితే రాసేది ఎవరి పళ్ళెం? ఫోను చేతిలో ఉన్నవాళ్ళ పళ్ళెమే. నరసరావుపేటలో అన్నయ్యది, పిల్లలది రాశాక వదినది కూడా రాస్తానన్నాను. ‘నాది రాయడానికేముంది, మీరంతా తిన్నదేగా నేనూ తిన్నది’ అంది. కావాలనే ఆమె కూర్చునేదాకా ఆగాను. గిన్నెలో పప్పు గరిటె గీరితే 40 గ్రాములు వచ్చింది. పెద్ద ముద్ద అన్నం, గోంగూర పచ్చడి ఒక చెంచా, ఆఖర్న మజ్జిగ. అన్నయ్య రెండు గరిటెలు వేసుకున్నాడు, ఒక్క పప్పులోనే దాదాపు ఐదు మిల్లీగ్రాముల ఐరన్. వదినకు ఆ పూట మొత్తం కలిపినా రెండు నిండడం కష్టం. 19 కావలసిన మనిషికి ముందు వడ్డన, 29 కావలసిన మనిషికి అడుగున మిగిలింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఐరన్ ఒక్కటే కాదు. కానీ ఈ శాతంలో ఎంత భాగం ఇలా ఆఖర్న కూర్చున్న పళ్ళేలదో అని ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది. మన ఇళ్ళలో పోషకాహారం అనే మాట జిమ్‌కి వెళ్ళే కుర్రాడి ప్రొటీన్ చుట్టూ, పెద్దాయన షుగరు చుట్టూ తిరుగుతుంది. వండే మనిషి తిన్నదేమిటో ఎవరికీ తెలియదు, ఆమెకే తెలియదు.

తెర మీద రెండు పళ్ళేల గీతలు పక్కపక్కన పెట్టి చూపిస్తే అన్నయ్య చాలాసేపు చూశాడు. మరుసటి పూట పప్పు దించగానే వదినకో గిన్నె తీసి మూతపెట్టాడు. ఆమె వద్దంది, పిల్లలకు చాలదంది. కందిపప్పు ఇంకో గుప్పెడు ఎక్కువ పోయమన్నాడు, అంతే. ఆ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి హిమోగ్లోబిన్ చూపించుకుంది. తక్కువే ఉంది. మాత్రలు రాశారు, టీకి దూరంగా వేసుకోమన్నారు, మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.