ఒంటిచేతి పటం కథ

విజువల్ నావెల్‌ని ఆట అంటారు గానీ, అది బొమ్మల మధ్య చదివే కథ. తెరమీద ఒక ముఖం, కింద మాట, మధ్యమధ్య "ఇప్పుడేం చేస్తావు?" అన్న ప్రశ్న.

మా ఎల్లారెడ్డిపేట వైపు వాళ్లకు ఇది మరీ కొత్తేమీ కాదు. నేతపని చేసే పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. ఆ పటాల కోసం నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి రంగు మీద బొమ్మలు వేసేవారు. గీసేది ఒకరు, చెప్పేది ఒకరు, వంతపాట ఇంకొకరు.

అంత పనీ ఒక్కరే నెత్తినేసుకునేవాళ్లంటే నాకు చాలా గౌరవం. కెనడా రచయిత్రి క్రిస్టీన్ లవ్ 2010లో 'డిజిటల్: ఎ లవ్ స్టోరీ' అనే విజువల్ నావెల్ చేసి ఉచితంగా పంచింది. వాడింది రెన్‌పై, 2004 నుంచి ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్న పనిముట్టు.

పాత్రకు ఒక్క ముఖం గీస్తే చాలదు. కోపానికి కనుబొమలు వేరు, సిగ్గుకు రెప్పలు వేరు. 'అమ్మకు చెప్పు', 'దాచిపెట్టు' అని రెండు దారులు పెడితే రెండూ రాయాలి. మూడుసార్లు అలా చీలిస్తే ఎనిమిది కొసలు! తెగిన పోగు వెతికి ముడేసినట్టు ఒక్కో కొసా నడిచి చూడాలి. చదివేవాళ్లు చాలామంది ఒక్కదారిలోనే పోతారు. తక్కినవీ అంతే ప్రేమగా రాసి ఉంటాయి. తెలుగులోనైతే 'స్త్రీ' అన్న అక్షరం విడిపోకుండా కూర్చునేదాకా ఫాంట్లు మార్చి చూడాల్సిరావచ్చు.

మగ్గం చప్పుడు వెనక వినిపిస్తూ ఉండగా ఇక్కడివాళ్లెవరైనా అలాంటి కథ చేస్తే, ఎనిమిది దారులూ నడిచి చూస్తాను.