రెండు పక్షాలా వాదించే విద్య

మానవ హక్కుల మూట్ కోర్టులో న్యాయ విద్యార్థులు ఒక కల్పిత వివాదంపై అంతర్జాతీయ న్యాయస్థానం పద్ధతిలో వాదిస్తారు. ఆఫ్రికా విద్యార్థుల కోసం ఇలాంటి పోటీ 1992లో మొదలైంది. దాన్ని నిర్వహించే ప్రిటోరియా విశ్వవిద్యాలయపు మానవ హక్కుల కేంద్రం 2009లో ప్రపంచ పోటీని ప్రారంభించింది; తర్వాత దానికి నెల్సన్ మండేలా పేరు పెట్టారు. జట్టులో వాదించేది ఇద్దరే. లిఖిత వాదనల్లో రాణించిన జట్లకే మౌఖిక వాదనల అవకాశం దక్కుతుంది.

సన్నాహానికి పునాది ఆ కల్పిత వివాదాన్ని వివరించే సమస్యాపత్రం. దేశం ఏ ఒప్పందాన్ని ఎప్పుడు ఆమోదించింది, ఘటన అంతకుముందు జరిగిందా తర్వాత జరిగిందా, బాధితులు ముందుగా స్వదేశంలోని కోర్టులను ఆశ్రయించారా అన్న వివరాలు అందులో చెదురుమదురుగా ఉంటాయి. వాటిని తేదీల వారీగా పట్టిక వేసుకుంటే అసలు ప్రశ్నలు తేలుతాయి. కోర్టుకు విచారణాధికారం ఉందా, ఫిర్యాదు స్వీకరించదగినదా, హక్కుకు భంగం కలిగిందా, కలిగితే పరిహారం ఏమిటి అన్న వరసలోనే వాదన సాగాలి.

పరిశోధన ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతుంది. నిరసనల వేళ ఒక ప్రభుత్వం ఇంటర్నెట్ నిలిపివేసిందనుకుందాం. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను కాపాడుతుంది. దానిపై ఆంక్ష పెట్టాలంటే మూడు షరతులు నెరవేరాలి: చట్టంలో ఆధారం ఉండాలి, జాతీయ భద్రత వంటి అనుమతించిన లక్ష్యం ఉండాలి, ఆ చర్య అవసరమై, లక్ష్యానికి తగిన మోతాదులోనే ఉండాలి. టోగోలో 2017 నాటి నిలిపివేతకు చట్టపరమైన ఆధారం లేదని పశ్చిమాఫ్రికా దేశాల సమాఖ్య న్యాయస్థానం 2020లో తీర్పు చెప్పింది. బాధితుల పక్షం ఈ తీర్పును ఆసరా చేసుకుంటుంది. ప్రభుత్వ పక్షం మాత్రం సమస్యాపత్రంలోని దేశంలో అలాంటి చట్టం ఉందని చూపి, తీర్పు ఇక్కడ వర్తించదని వాదించవచ్చు. రెండు పక్షాలా వాదించాలి కాబట్టి జట్టు ఈ రెండు వాదనలనూ రాయాలి.

మౌఖిక సాధనలో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడితే నెగ్గలేరు. న్యాయమూర్తులు మధ్యలోనే ఆపుతారు. “దేశమంతా ఆపకుండా అల్లర్లు జరిగిన ఒక్క జిల్లాలో ఆపితే చాలదా?” అని ప్రభుత్వ వాదిని అడిగితే, ముందు అవుననో కాదనో సూటిగా చెప్పాలి. ఆ తర్వాత కారణం, సమస్యాపత్రంలో దానికి ఆధారమైన పేరా సంఖ్య చెప్పి, వదిలిన చోటు నుంచి వాదన అందుకోవాలి. అందుకే అధ్యాపకులూ పూర్వ విద్యార్థులూ న్యాయమూర్తులుగా కూర్చుని ప్రశ్నలతో వేధిస్తారు. నిలవని వాదాన్ని వదులుకుని బలమైనదాన్ని కాపాడుకోవడం విద్యార్థులకు అక్కడే అలవడుతుంది.

ఈ శిక్షణ విలువ బహుమతితో తీరిపోదు. ఆవేశంతో చెప్పిన హక్కు కోర్టులో నిలవదు; చట్టం, సాక్ష్యం, తర్కం కలిసినప్పుడే నిలుస్తుంది. అవతలి పక్షపు అత్యుత్తమ వాదన తెలిసిన న్యాయవాదే బాధితుణ్ని గట్టిగా కాపాడగలడు. ప్రభుత్వ పక్షాన కూర్చునే రోజు వచ్చినా, అధికారానికి హద్దు ఎక్కడుందో అతడికి తెలిసే ఉంటుంది.