గోగు పువ్వులో పసుపు

విజయనగరం పక్క గోగు చేను పూతకొచ్చిందంటే రైతు చూపంతా నారనిచ్చే కాండం మీదే. లేతపసుపు రేకులు, మధ్యన ముదురెరుపు. పొద్దెక్కితే ముడుచుకుపోయే ఆ పువ్వును ఎవరూ పట్టించుకోరు. 1940లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి బృందం పట్టించుకుంది. గోంగూర పువ్వుల నుంచి హిబిసెటిన్ అనే పసుపు పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చింది. యుద్ధం మూలంగా యూనివర్సిటీ వాల్తేరు వదిలి గుంటూరులో తలదాచుకున్న కాలమది.

అణువు ఆకారం చెప్పే ఎన్ఎంఆర్ అప్పటికి వాళ్ల చేతిలో లేదు. పదార్థాన్ని మిథైలేషన్ చేసి, ఆల్కహాల్ కలిపిన పొటాష్‌తో మరిగిస్తే ముక్కలవుతుంది. ముక్కల్ని బట్టి మొత్తం ఎలా ఉండేదో ఊహించవచ్చు. అయినా అది ఊహే. తెలిసిన ముక్కలతో, తెలిసిన చర్యలతో అదే అణువును ల్యాబులో కట్టి చూపితేనే రుజువు. శేషాద్రి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ శిష్యులు. ఇలాంటి అణువుల్లోని వలయాలు కట్టే ఒక పద్ధతి ఆ గురువు పేరుమీదే ఉంది. హిబిసెటిన్‌లో కార్బన్లు 15, హైడ్రాక్సిల్‌లు 7. అందులో ఒక్కటి 8వ స్థానం వదిలి 6లో కూర్చున్నా అది వేరే పదార్థమే.

ఆఖరి పరీక్ష నాకు చాలా ఇష్టం. పువ్వు నుంచి వచ్చినదీ, ల్యాబులో కట్టినదీ కలిపి నూరి, అడుగు మూసిన సన్నటి గాజు గొట్టంలోకి రవ్వంత దింపుతారు. థర్మామీటరుకు కట్టి మెల్లగా వేడిచేస్తారు. రెండూ ఒకటే అయితే, విడిగా కరిగే వేడి దగ్గరే మిశ్రమమూ కరుగుతుంది. వేరైతే ముందే చెమర్చి, జావగారిపోతుంది. డిగ్రీ ల్యాబులో మామూలు పదార్థాలతో చేసినప్పుడే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. అంత శ్రమపడి కట్టిన అణువు ఆ గొట్టంలో ఉంటే వాళ్లకెలా ఉండేదో!

ఇప్పుడు యంత్రాలే చెబుతున్నాయి కదా, మళ్లీ కట్టడం దేనికంటారు. సముద్రజీవి నుంచి తీసిన డయజోనమైడ్ నిర్మాణాన్ని 1991లో ఎక్స్‌రే సాయంతోనే ప్రకటించారు. 2001లో పాట్రిక్ హారన్ బృందం ఆ నిర్మాణాన్ని కట్టి చూస్తే, అసలు పదార్థంతో సరిపోలలేదు. కాగితం మీది బొమ్మే తప్పని అప్పుడు తేలింది.

పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో మన పిల్లలెందరో రియాక్టర్ల దగ్గర ఉన్నారు. బ్యాచ్ షీటు ప్రకారం పని నడపడం వాళ్లకు బాగా వచ్చు. ఒక అణువును తామే విప్పి, తామే కట్టే అనుభవం మాత్రం కాలేజీలోనే దొరకాలి. గోగు పూసేది అక్టోబరు, నవంబరుల్లో. నారకు కోసేదీ పూతమీదే, పువ్వులు చేలోనే పోతాయి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌కు గోనెసంచెడు పువ్వులు కావాలంటే ఏ రైతూ కాదనడు.