చెప్పుకున్న పాపం, విన్న క్షమాపణ

బైబిల్లో పశ్చాత్తాప కీర్తనలని పేరున్నవి ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. వీటిలో ఆరు మొరతోనే మొదలవుతాయి. కోపంలో నన్ను శిక్షించకు, నన్ను కరుణించు, నా ప్రార్థన ఆలకించు అని వేడుకుంటాయి. 32వ కీర్తన ఒక్కటే వేరు. పాపక్షమాపణ పొందినవాడు ఎంత ధన్యుడో చెబుతూ అది మొదలవుతుంది, ఆనందంతో పాడమని పిలుస్తూ ముగుస్తుంది. నోరు విప్పకుండా దాచుకున్న రోజుల్లో తన ఒళ్లు ఎలా ఉండేదో కవి మధ్యలో చెబుతాడు. ఎముకలు క్షీణించాయి, రోజంతా మూలుగే, వేసవి ఎండకు చెమ్మ ఇంకిపోయినట్టు ఒంట్లో సత్తువ ఇంకిపోయింది. ఆ తర్వాత ఒక్క వచనంలోనే ఒప్పుకోలూ క్షమాపణా రెండూ జరిగిపోతాయి.

క్రీ.శ. 430లో, వాండల్ సేనలు హిప్పో నగరాన్ని ముట్టడించి ఉండగా, ఆ ఊరి బిషప్పు అగస్టీన్ మరణశయ్య మీద ఉన్నాడు. పశ్చాత్తాప కీర్తనల్ని రాయించి, మంచానికి ఎదురుగా గోడకు పెట్టించుకుని, కన్నీళ్లతో చదువుకునేవాడని ఆయన జీవితచరిత్ర రాసిన పొసీడియస్ చెబుతాడు. అప్పటికి ఆయన వయసు 75. తన పాపాల చరిత్రను ఎప్పుడో పుస్తకంగా రాసి లోకం ముందు పెట్టినవాడు. అలాంటివాడికీ ఒప్పుకోలు ఒకసారి చేసి వదిలేసే పనిగా అనిపించలేదు.

పాపాన్ని ఒప్పుకోవడం అనగానే సిగ్గు, భయం, శిక్ష గుర్తొస్తాయి. అలాంటి పనిలో ఆనందం ఎక్కడినుంచి వస్తుంది? మనసులోది కక్కేస్తే బరువు తగ్గుతుందనే సమాధానం సగమే నిజం. మిగతా సగం దావీదు కథలో ఉంది. బత్షెబను చేరదీసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చావుకు పంపిన దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడొకడు, ఒక పేదవాడు ప్రాణంగా పెంచుకున్న ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని అతిథికి వండిపెట్టాడు. దావీదు మండిపడి, వాడు చావదగినవాడని తీర్పిచ్చాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను. అప్పటికి బత్షెబకు బిడ్డ కూడా పుట్టాడు. పరాయివాడి తప్పును క్షణంలో పట్టుకున్న రాజుకు అన్ని నెలలూ తన తప్పు కనబడలేదు. మనిషి తన పాపాన్ని తానే సరిగా చూడలేడు, తనను తానే క్షమించుకోనూ లేడు. రెండింటికీ బయటినుంచి ఒక గొంతు కావాలి. రెండు వేల ఏళ్లలో క్రైస్తవులు ఏర్పరచుకున్న ఒప్పుకోలు పద్ధతులన్నీ ఆ గొంతు కోసం వెతుకులాటే.

బహిరంగం నుంచి ఏకాంతానికి

తొలి శతాబ్దాల్లో ఘోరమైన పాపాలకు ప్రాయశ్చిత్తం సంఘమంతటి ముందూ జరిగేది, అదీ బాప్తిస్మం తర్వాత జీవితంలో ఒక్కసారే. చక్రవర్తికీ మినహాయింపు లేదు. 390లో థెస్సలొనీక నగరంలో జనాన్ని ఊచకోత కోయించిన థియొడోసియస్‌కు మిలాన్ బిషప్పు ఆంబ్రోస్ లేఖ రాశాడు, పశ్చాత్తాపపడేవరకూ సంస్కారం ఇవ్వనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి గుడిలో అందరిముందూ విలపించాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు గాని ఆయన్ని మళ్లీ చేర్చుకోలేదు.

ఈ కాఠిన్యానికి ఒక చిక్కు ఉంది. అవకాశం ఒక్కటే కాబట్టి చాలామంది దాన్ని చావు ముంగిటి దాకా వాయిదా వేసేవారు. కొన్నిచోట్ల జనం పాపాలను పత్రం మీద రాయించి బయటికి చదివే అలవాటు కూడా పుట్టింది. 459లో పోపు మొదటి లియో దాన్ని ఆపించి, గురువుకు ఏకాంతంగా చెబితే చాలన్నాడు. 6వ శతాబ్దం నుంచి ఐర్లండ్ సన్యాసులు ఒప్పుకోలును ఎన్నిసార్లయినా చేసుకోగల ఏకాంత సాధనగా మార్చారు. ఏ పాపానికి ఏ ప్రాయశ్చిత్తమో చెప్పే చిన్న చిన్న గ్రంథాలు రాసుకున్నారు. వాటి సూత్రం ఒకటే: రోగానికి విరుగుడు దానికి ఎదురైన గుణం. వాగేవాడికి మౌనం, తిండిపోతుకు ఉపవాసం, పిసినారికి దానం.

1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, బుద్ధి తెలిసిన ప్రతి విశ్వాసీ ఏడాదికొక్కసారైనా పాపాలు చెప్పుకోవాలని నిర్ణయించింది. వినే గురువు గాయం మీద ద్రాక్షరసం, నూనె పోసే నేర్పరి వైద్యుడిలా ఉండాలని, పాపం జరిగిన పరిస్థితుల్ని జాగ్రత్తగా కనుక్కోవాలని చెప్పింది. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తానికి పంపాలనీ శాసించింది. మధ్యలో జాలీ ఉన్న పాపసంకీర్తన పీఠం ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా గడిచాక, మిలాన్ ఆర్చిబిషప్ చార్లెస్ బొరొమియో కాలంలో స్థిరపడింది.

వెతకడం, పేరు పెట్టడం, తీర్చడం

ఒప్పుకోలులో మొదటి పని ఆత్మపరిశీలన. ఇగ్నేషియస్ లొయోలా 1548లో అచ్చయిన తన ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో దీనికి అయిదు మెట్లు పెట్టాడు. మొదటి మెట్టు పాపం గురించి కాదు, అందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం. రెండోది తన పాపాలు తెలుసుకునే కృప అడగడం. తర్వాత రోజును గంటగంటకూ నెమరువేసుకోవడం, క్షమాపణ వేడుకోవడం, దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం. ఏదైనా ఒక్క దురలవాటును వదిలించుకోవాలంటే కాగితం మీద రోజుకు రెండు గీతలు గీసి, జారిన ప్రతిసారీ చుక్క పెట్టి, నిన్నటితో నేటిని, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చుకోమంటాడు. సైనికుడిగా బతికినవాడి క్రమశిక్షణ అది. మేళ్లు గుర్తుచేసుకోకుండా తప్పులు లెక్కపెట్టుకునేవాడు నిరాశలో పడతాడనే ఎరుక కూడా అందులో ఉంది.

రెండో పని పాపానికి పేరు పెట్టడం. ‘ప్రభువా, నేను ఘోరపాపిని’ అనడం తేలిక, ఆ మాట వల్ల ఎవరికీ నష్టం లేదు. ‘అన్నకు తెలియకుండా ఉమ్మడి పొలం నా పేర రాయించుకున్నాను’ అనడం కష్టం. ‘కోడలి పుట్టింటివాళ్ల గురించి లేనిది పుట్టించి చెప్పాను’ అనడం ఇంకా కష్టం. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలో ఈ విషయం మీద చక్కటి సలహా ఉంది. పది ఆజ్ఞల్ని ముందు పెట్టుకుని నీ స్థానం చూసుకో, నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, యజమానివా, పనివాడివా అని అడుగుతాడు. నమూనాగా ఇచ్చిన ఒప్పుకోలులో నాసిరకం సరుకు అమ్మడం, కొలతలో తగ్గించడం కూడా ఉన్నాయి. మనసును నొక్కే పాపమేదీ లేకపోతే, లేనివి వెతికి కల్పించుకోవద్దనీ అంటాడు.

ఇక్కడ రెండు దొంగదారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఒకటి, మన పాపం చెప్పడానికి కూర్చుని పక్కవాళ్ల పాపాలు చెప్పడం: ఆయన తాగొస్తాడు కాబట్టి నేను నోరు జారాను, తమ్ముడు మోసం చేశాడు కాబట్టి నేను అబద్ధమాడాను. రెండోది మన ప్రార్థన కూటాల్లో కనిపిస్తుంది. పదేళ్ల కిందట మానేసిన తాగుడు గురించి మైకులో సాక్ష్యం చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు. నిన్న రాత్రి భార్యను అన్న మాట గురించి చెప్పడానికి కావాలి.

మూడో పని నష్టాన్ని తీర్చడం. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఒప్పుకోలును, నష్టపరిహారాన్ని ఒకే ఊపిరిలో చెబుతుంది. పాపాన్ని ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా తిరిగివ్వాలి, దానికి అయిదో వంతు కలిపి నష్టపోయినవాడి చేతికే ఇవ్వాలి. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ సోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వాడితో సమాధానపడమని యేసు చెప్పింది కూడా ఇదే. మన సంఘాల్లో మాట్లాడుకోని తోడికోడళ్లు, గట్టు తగాదా పెట్టుకున్న అన్నదమ్ములు సమాధానపడేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఆగడం ఈ వాక్యం పెట్టిన అలవాటే.

ఎవరి ముందు చెప్పాలి?

తెలుగు క్రైస్తవుల్లో దీనికి ఒకే జవాబు లేదు. కతోలికులు తపస్సు కాలంలో, పెద్ద పండగలకు ముందు గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు వచ్చే యాత్రికుల్లో ఎందరికో కొండ ఎక్కడం ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు చేరాక మొదలైన లూథరన్ సంఘాల్లోనూ, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనూ ఆరాధనలో అందరూ కలిసి ఒప్పుకోలు ప్రార్థన చెబుతారు, పాస్టరు క్షమాపణ ప్రకటిస్తారు. స్వతంత్ర సంఘాల్లో ఎక్కువమంది, దేవునికీ మనిషికీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే కాబట్టి నేరుగా ఆయనకే చెప్పుకుంటామంటారు.

ఆ మాటకు లేఖనాధారం ఉంది. అయితే ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని యాకోబు పత్రిక కూడా చెబుతోంది. ఆ వాక్యం పట్టుకునే జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికోసారి కలుసుకుని, పోయిన వారం నుంచి ఏ పాపం చేశావు, ఏ శోధన ఎదురైంది, ఎలా తప్పించుకున్నావు అని ఒకరినొకరు అడగాలి. అక్కడ గురువు లేడు, పీఠం లేదు. నలుగురైదుగురు మామూలు విశ్వాసులే.

జర్మనీలో నాజీ పాలనకు ఎదురు నిలిచిన పాస్టరు డీట్రిక్ బాన్‌హోఫర్, ఫింకెన్‌వాల్డలో తాను నడిపిన వేదాంత పాఠశాలలో ప్రభురాత్రి భోజనానికి ముందు సోదరుడి దగ్గర ఒప్పుకునే అలవాటు ప్రవేశపెట్టాడు. 1937లో రహస్య పోలీసులు ఆ పాఠశాలను మూసేశారు. 1939లో వచ్చిన పుస్తకంలో ఆయన ఒక ప్రశ్న వేశాడు. పాపిష్ఠివాడైన తోటి సోదరుడికి చెప్పడం కన్నా పరిశుద్ధుడైన దేవునికి చెప్పడం మనకెందుకు తేలిక? మనం మనకే చెప్పుకుని, మనమే క్షమించేసుకుంటున్నామేమో! మళ్లీ మళ్లీ అదే పాపంలో పడటానికి కారణం అదేనేమోనని కూడా అనుమానించాడు. గురువు దగ్గరికి వెళ్లాలా వద్దా అనే తగువు కన్నా ఈ ప్రశ్న పదునైనది. ఇది ఏ శాఖవారినీ వదలదు.

విన్నవాడి మీద భారం

వినేవాడు చెడ్డవాడైతే? 2018లో కేరళలో, పాపసంకీర్తనంలో విన్న రహస్యంతో ఒక మహిళను బెదిరించి లొంగదీసుకున్నారని కొందరు గురువుల మీద ఆరోపణలొచ్చాయి. ఈ ఆచారాన్నే రద్దు చేయాలని జాతీయ మహిళా కమిషన్ సిఫార్సు చేసింది, క్రైస్తవ సంఘాలు వ్యతిరేకించాయి. ఆచారాన్ని సమర్థించేవాళ్లు ఇలాంటివాటిని దాటవేయకూడదు. విన్నవాడి నోటికి 1215లో వేసిన తాళం ఎందుకు అవసరమో ఇవే చెబుతాయి. ఏ సంఘమైనా, విన్నది ప్రసంగంలో ఉదాహరణగా వాడుకునే పాస్టరు దగ్గర, ప్రార్థన అంశమనే పేరుతో ఊరంతా చాటే స్నేహితురాలి దగ్గర పాపం చెప్పుకోనక్కర్లేదు.

రెండో ప్రమాదం చెప్పేవాడి లోపలే ఉంటుంది. మఠంలో ఉన్న రోజుల్లో లూథర్ గంటల తరబడి పాపాలు చెప్పి, ఇంకేదో మిగిలిపోయిందని మళ్లీ వచ్చేవాడు. ఆయన పెద్ద స్టౌపిట్జ్ విసిగి, నీ పాపాల మీంచి చూపు తిప్పి క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. పాపాల పట్టిక పూర్తయితేనే క్షమాపణ దొరుకుతుందనుకుంటే అది ఎన్నటికీ దొరకదు. ఒప్పుకోలులో రెండు భాగాలున్నాయని, ఒకటి పాపం చెప్పడం, రెండోది క్షమాపణను దేవుని నోటి నుంచే వచ్చినట్టు అందుకోవడమని లూథర్ తర్వాత రాశాడు. ఆ రెండోదే పెద్దదన్నది ఆయన నమ్మకం.

ముందు విందు, తర్వాత లెక్క

తప్పిపోయిన కుమారుడి కథను ఈ కోణంలో మళ్లీ చదవాలి. పందుల దగ్గర ఆకలితో ఉన్న కొడుకు తండ్రికి చెప్పాల్సిన మాటలు ముందే కూర్చుకున్నాడు: పాపం చేశాను, నీ కొడుకునని పిలిపించుకునే యోగ్యత లేదు, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇంటికొచ్చి మొదటి రెండూ చెప్పాడు. మూడోది నోటి నుంచి రాకముందే తండ్రి చెప్పులు, ఉంగరం, వస్త్రం తెమ్మని పనివాళ్లను కేకేశాడు. తన శిక్షను తానే ఖరారు చేసుకునే అవకాశం ఆ కొడుక్కి దక్కలేదు. ఒప్పుకోలులో ఆనందం పుట్టే చోటు ఇదే. మన గురించి మనం రాసుకున్న తీర్పును మరొకరు కొట్టేస్తారు. తనలో తాను ఎంత గొణుక్కున్నా కొడుక్కి దొరకనిది అది.

ఆ ఆనందం అక్కడితో ఆగితే సెంటిమెంటు అయిపోతుంది. లూకా సువార్తలోనే జక్కయ్య ఉన్నాడు. యెరికోలో పన్ను వసూలుదారుల పెద్ద, ధనవంతుడు. యేసు అతన్ని చెట్టు దిగమని, ఈ రోజు నీ ఇంట్లో ఉంటానని చెప్పేనాటికి అతను దేన్నీ ఒప్పుకోలేదు. సంతోషంగా దిగివచ్చి ఇంట్లో చేర్చుకున్నాక మాట్లాడాడు: ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు వెనక్కి. ధర్మశాస్త్రం అడిగిన అయిదో వంతు ఎక్కడ, ఈ నాలుగింతలు ఎక్కడ! భయపడి లెక్క తేల్చేవాడు అయిదో వంతు దగ్గరే ఆగుతాడు. జక్కయ్య మాట నిలబెట్టుకుని ఉంటే ఆ సొమ్ము తిరిగి అందిన ఇళ్లు యెరికోలో చాలానే ఉండాలి. మన ఒప్పుకోలు నిజమా కాదా అన్నది కూడా మనల్ని కాదు, అలాంటి ఇళ్లవాళ్లనే అడగాలి.