మంచు మనిషి, అడవి మనిషి: బొమ్మ గీసేదెవరు?

ఎస్కిమోలంటే ఎవరని బడిపిల్లల్ని అడిగితే మంచు ఇల్లు, కుక్కల బండి, తోలు కోటు అంటారు. చెంచులంటే ఎవరని పట్నం పిల్లల్ని అడిగితే విల్లు, బాణం, తేనె అంటారు. రెండు జవాబులూ అబద్ధం కాదు. కానీ రెండూ బొమ్మలే. వాటిని గీసింది ఆ జాతుల వాళ్ళు కాదు. ఎవరు గీశారో, ఏం వదిలేశారో కొల్లాపూర్, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చదువుకునే మన పిల్లలకు తెలియాలి.

ముందు మంచు దేశం సంగతి. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే అమెరికన్ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే మూకీ సినిమా తీశాడు. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున బతికే ఒక ఇన్యూట్ కుటుంబం కథ అది. లోకమంతా దాన్ని ఉన్నదున్నట్టు తీసిన జీవితమనుకుంది. అసలు ఆ వేటగాడి పేరు నానూక్ కాదు, అల్లాకరియల్లాక్. భార్యగా కనిపించినామె అతని భార్య కాదు. అప్పటికే ఇన్యూట్లకు తుపాకులు ఉన్నా, వాల్రస్ వేటలో ఈటెలే పట్టించారు. కెమెరాకు వెలుతురు చాలదని ఒక పక్క గోడ లేని మంచు ఇల్లు కట్టించారు. గ్రామఫోన్ రికార్డు ఏమిటో ఎరగనట్టు అతనిచేత దాన్ని కొరికించారు.

ఆ సినిమాలో చలి నిజం, చాకిరీ నిజం, ఆ మనిషి నేర్పు నిజం. అబద్ధమైంది కాలం. పాత బతుకును ఇవాళ్టి బతుకని చూపించేసరికి, చూసినవాడు ‘వీళ్ళు మారరు, వీళ్ళకేమీ తెలియదు’ అనుకుని ఇంటికి పోయాడు.

ఇక మన నల్లమల. 1943లోనే చెంచుల బొమ్మలు రెండు వచ్చాయి. ఒకటి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఇంగ్లీషులో రాసిన చెంచుల పుస్తకం. రెండోది కమలా కోట్నీస్ నటించిన ‘చెంచులక్ష్మి’ సినిమా.

హైమండార్ఫ్ ఆస్ట్రియా మనిషి. యుద్ధకాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయి, 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది పెంటల్లో మసలాడు. గడ్డలు తవ్వే కర్ర, కొండ చరియల మీది తేనె, గారెల మైసమ్మ మొక్కు, ఏ పెంట వాళ్ళకు ఏ అడవి మేర అన్న కట్టు, అన్నీ ఓపికగా రాశాడు. అడవిని చెంచులు హద్దులెరిగి వాడుకున్నారని అచ్చులో నిలిచింది. అందుకు ఆయనకు మనం రుణపడ్డాం. అయితే ఆయన చెంచుల్లో వెతికింది ఈ దేశపు అతి పాత బతుకు ఆనవాళ్ళను. అలా చూస్తే, గడ్డలు తవ్వేవాడే అసలు చెంచు, పశువులు కాసేవాడూ కూలికి పోయేవాడూ సగం చెంచు అనే తూకం సులువుగా పుడుతుంది. బడికి పోయే చెంచు పిల్లకు ఆ తూకంలో చోటే ఉండదు.

సినిమా దారి వేరు. చెంచు పిల్లను నరసింహస్వామి వలచిన కథ అది. 1958లో అంజలీదేవి, అక్కినేనిలతో మళ్ళీ తీశారు. అందులో అడవి పనులు వచ్చా అని ఆ పిల్ల దేవుణ్ణే పరీక్షించే పాట జనం నోట నిలిచింది. నాకు ఆ సినిమాలో విలువైనది అదే. ఆ కాసేపు అడవి విద్యే కొలమానం, దేవుడు విద్యార్థి. కానీ చివరికి ఆమె దేవుడి భార్యగానే మిగులుతుంది, ఆమె వాళ్ళు వెనక ఉండిపోతారు. అహోబిలం పారువేటలో చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడిగా ఎదుర్కొంటారు, బాణాలు వేస్తారు. అల్లుడికి మర్యాద ఉంటుంది, బాధ్యతా ఉంటుంది. సినిమా పెళ్ళిని తీసుకుని ఆ చుట్టరికం లెక్కను వదిలేసింది.

భాష దగ్గరా ఇదే తంతు. ఇన్యూట్ భాషలో మంచుకు వందల మాటలున్నాయంటారు. 1911లో ఫ్రాంజ్ బోయస్ చూపింది నాలుగు మూలపదాలే. చేతులు మారేకొద్దీ లెక్క పెరిగింది. మన ‘రాలేకపోయినందుకే’ లాగా, ఆ భాష మూలానికి ప్రత్యయాలు తగిలిస్తూ వాక్యమంత మాట కట్టగలదు. అక్కడ మాటలు లెక్కపెట్టి లాభం లేదు. చెంచులనేమో, మాట్లాడేది తెలుగే గనక చెప్పుకోదగ్గ భాష లేదని తీసిపారేస్తారు. తెలుగే కావచ్చు. కానీ ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో, తపసి బంక చెట్టు చావకుండా ఎలా తీయాలో చెప్పే తెలుగు మన పాఠ్యపుస్తకాల్లో ఉందా?

ఇన్యూట్లు తమ బొమ్మను తామే గీసుకున్నారు. 1999లో కెనడాలో వాళ్ళు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రత్యేక ప్రాంతమైంది. 2001లో ఇన్యూట్ దర్శకుడు జకారియాస్ కునుక్ ‘అటనార్జువాట్’ సినిమాను పూర్తిగా తమ ఇనుక్టిటుట్ భాషలో తీశాడు. దానికి కాన్ ఉత్సవంలో కెమెరా డి’ఓర్ బహుమతి వచ్చింది. అందులోనూ మంచు ఇళ్ళున్నాయి, కుక్కల బండ్లున్నాయి. కానీ మనుషుల్లో ఈర్ష్య ఉంది, వలపు ఉంది, పగ ఉంది, తగవు తీర్చే పెద్దరికం ఉంది. వింత జీవులు లేరు.

ఇది కళల ముచ్చటే అనుకోకండి. నల్లమలలో యురేనియం వెతకాలన్నప్పుడు చెంచులూ చుట్టుపక్కల జనమూ వద్దన్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. పులుల కోసమని పెంటల్ని మైదానానికి దింపే మాట మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ‘వీళ్ళకేమీ తెలియదు’ అన్న బొమ్మ ఉన్నంతకాలం అడగకుండా నిర్ణయించడం తేలిక. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. ఆ మాటకు బలం రావాలంటే మన రాత ఉండాలి.

పంతుళ్ళూ, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హైమండార్ఫ్‌ను చదవండి, ‘చెంచులక్ష్మి’ చూడండి. ఆ పుస్తకంలో ఉన్నదీ లేనిదీ పెంటలో అవ్వనడిగి, ఆమె చెప్పిన మాటల్లోనే, ఆమె పేరుతోనే రాయండి. ఆ నోట్‌బుక్కే మన విమర్శకు మొదటి పేజీ.